చట్రం కింది చేయి

గోపురం మీద బూరలు మ్రోగినప్పుడు సలోమె కలం పట్టుకొని బల్ల ముందు కూర్చునే ఉన్నది. గ్నాడెన్‌హాల్డె ఊరిలో చావు కబురును మనిషి నోరు మోయదు. నాలుగు ఇత్తడి బూరలు మోస్తాయి. మొదటి కీర్తన విన్నవారికి ఒకరు వెళ్ళిపోయారని తెలుస్తుంది. రెండవ కీర్తన రాగాన్ని బట్టి ఆ వెళ్ళినది వితంతువా, పసిబిడ్డా, ఆలుబిడ్డలు గలవాడా, పెళ్ళికాని సోదరియా అన్నది తేలుతుంది. నవంబరు మంచునీటిలో తడిసిన ఆ రాగం ఊరి ఇంటికప్పుల మీదుగా బరువుగా సాగింది. కింద వంటశాలలో గరిటెల చప్పుడు ఆగింది. పెళ్ళికాని సోదరీమణుల గృహంలో అది ఎవరి కోసమో అడగవలసిన పని ఎవరికీ లేకపోయింది. ఆ ఉదయం పది గంటలకు నేస్తం బెనిగ్నా కన్నులు మూసినవి సలోమె చేతులే.

సలోమెకు అరవై ఒకటి. ముప్పయి నాలుగేళ్ళుగా ఆ గృహానికి లేఖకురాలు. ఆ సోదర సమాజంలో ప్రతి ఆత్మా తన కథను తానే వ్రాసి ఉంచుకోవాలి. పుట్టుక, పాపం, కృప, సేవ, ఎదురుచూపు; ఇంతకు మించి అక్కరలేదు. భూస్థాపన వేళ బోధకుడు ఆ కథను నిండు సభలో చదువుతాడు. బ్రతికినన్నాళ్ళూ నోరెత్తని మనిషికి సైతం పోయిన మూడవనాడు ‘నేను’ అని పలికే ఒక్క ఘడియ దక్కుతుంది. అయితే సభకు పోకముందు ఆ కాగితాలు సలోమె బల్ల మీదికి రావాలి. ఎవరినైనా నొప్పించే మాట ఉంటే తీసివేయాలి. స్వోత్కర్ష వాసన వేసిన చోట తగ్గించాలి. ఇరవై పుటలను ఆరు పుటలు చేయాలి. చిన్న చాకుతో సిరాను గీకి, ఆ చోటును ఎముకముక్కతో నున్నగా రుద్దితే, కింద ఏమి ఉండేదో వేలికి కూడా తెలియదు. ఆ విద్యలో సలోమెకు సాటి లేదని పొరుగు సమాజాలవారు కూడా చెప్పుకొనేవారు. నూట నలభై మంది స్త్రీల జీవితాలను ఆమె అలా నున్నగా రుద్దింది. వినయం నేర్పడమే తన సేవ అనుకొన్నది.

ఆమెకు చేదోడుగా వ్రాతపని చేసే ఒటీలియె మెట్లెక్కి వచ్చింది. నలభై ఏళ్ళది, నోరు గలది.

“ఇవిగో అక్కా, బెనిగ్నక్క కాగితాలు. కుట్టుపెట్టెలో అడుగున పెట్టుకుంది. ఆరంటే ఆరే పుటలు. పోతూ పోతూ మన పని తగ్గించిపోయింది మహాతల్లి.”

“దాని సంగతి తెలిసిందేగా. చెప్పిన మాటే మళ్ళీ చెప్పమంటే నిద్దరొస్తుందనేది.”

“ఆఖరి పుట మాత్రం కాస్త నిదానంగా చదవండి. నాకైతే తల తిరిగింది. ఇది చదివితే మన బోధకుడు లిండ్నర్ సోదరుడికి ఉన్న జలుబు కూడా వదిలిపోతుంది.”

మొదటి అయిదు పుటలలో గీకవలసినది ఏదీ లేదు. సలోమె ఆరవ పుట తిప్పింది.

“ఇరువది రెండు సంవత్సరముల క్రిందట నా పినతండ్రి కుమారుడగు ఓస్వాల్డ్ హెన్నిగ్ కోరగా, మానవుని ఇచ్ఛను గూర్చి పన్నెండు లేఖలు వ్రాసి పంపితిని. అవి తరువాత ఆయన పేరుతో అచ్చుపడినవి. అందుకు నేను దుఃఖింపలేదు. పేరు పాదధూళి వంటిది, ఎవరి కాలికి అంటిన నేమి. కాని నాలుగవ లేఖలో ఒక తప్పున్నది. ఆ తప్పు నాది. తప్పు చేసినవారెవరో ఎరుగని లోకము దానిని దిద్దుమని ఎవరిని అడుగును? ఇందుకొరకే చెప్పుచున్నాను, ఆ లేఖలు నావి. తప్పు ఇది. చట్రము పైన కూర్చున్న సోదరి సూదిని కిందికి దింపును. కింద కూర్చున్న సోదరి దానిని అందుకొని పైకి పంపును. పువ్వు ఇద్దరి ఇచ్ఛ వలన పూచినదని వ్రాసితిని. కింద కూర్చున్నది తన ఇష్టముతోనే కూర్చున్నదని అనుకొంటిని. ఎవరు కూర్చుండబెట్టిరని అడుగలేదు. అట్లు అడుగక వ్రాసిన లేఖ, కూర్చుండబెట్టినవారికి మాత్రమే హితముగా నున్నది.”

సలోమె చదివి, మళ్ళీ చదివి, కాగితం మీద అరచేయి ఆన్చింది.

ఆ చట్రం కింద కూర్చున్నది తానే. బల్లపరుపు అంత వెడల్పైన చట్రం మీద పెద్ద గుడ్డ బిగించి పూలు కుట్టేటప్పుడు ఒకరు పైన, ఒకరు కింద ఉంటారు. పైనున్న మనిషికి పువ్వు కనిపిస్తుంది. కిందనున్న మనిషికి ముడులు కనిపిస్తాయి. యౌవనంలో బెనిగ్నా పైన, సలోమె కింద. సూది పైకీ కిందికీ తిరుగుతూ ఉండగా బెనిగ్నా మాట్లాడుతూ ఉండేది. “ఒంటరి ఇచ్ఛ అంటూ ఒకటి ఉందంటావా సలోమే? నేను సూది గుచ్చాను. నువ్వు తీసుకోకపోతే నేను చేసిందేమిటి? గుడ్డకి చిల్లు పెట్టడమేగా.” విశ్వవిద్యాలయాలలో ఆ రోజులలో పండితులందరూ ఒకే మాట అనేవారు, తన శాసనం తానే వ్రాసుకొన్నవాడే స్వతంత్రుడని. సూదికీ దారానికీ మధ్య కూర్చొని ఒక స్త్రీ ఆ మాటను ప్రశ్నించింది. స్వాతంత్ర్యం ఒకరి చేతిలో ఆరంభమై మరొకరి చేతిలో నిండుతుందని చెప్పింది. ఓస్వాల్డ్ అప్పుడు విశ్వవిద్యాలయంలో ఇంకా ఆచార్య పదవి దొరకని విద్యావంతుడు. ఉత్తరం వ్రాసి అడిగితే ఆమె పన్నెండు వారాలపాటు వారానికొక లేఖ వ్రాసింది. ఆ పన్నెండింటినీ శుద్ధప్రతి చేసి పంపినది సలోమె.

భూస్థాపన మూడవనాడు. రెండవనాటి ఉదయం సలోమె ఆ కాగితాలు పట్టుకొని బోధకుని ఇంటికి పోయింది. సోదరుడు లిండ్నర్ మంచివాడు. జలుబు చేసి, ఆవపొడి కలిపిన వేడినీళ్ళ తొట్టిలో కాళ్ళు పెట్టుకొని కూర్చొని ఉన్నాడు. ఆరవ పుట చదివి ముక్కు తుడుచుకొన్నాడు.

“సమాధి దగ్గర నిలబడి బతికున్న మనిషి మీద నేరం చదవమంటావా అక్కా?”

“నేరం ఎక్కడుంది సోదరా? అది తప్పు ఒప్పుకోవడం. మన సమాజంలో ఒప్పుకోలును ఎప్పుడైనా కొట్టేశామా?”

“ఒప్పుకోలు లోపల ఒక దొంగ దాక్కున్నాడుగా.”

“దొంగ అని ఆవిడ అనలేదు.”

“ఆవిడ అనదు. వినేవాళ్ళంటారు. ఆ పుస్తకం మీద పేరు నిలబెట్టుకున్న మనిషి రేపు ఈ ఊరొస్తున్నాడు, అక్కగారి అంత్యక్రియలకి. ముందు వరసలో కూర్చుంటాడు. ఆయన మొహం చూస్తూ ఇది నేను చదవాలి.” కాళ్ళు తొట్టిలో కదిపాడు. “నువ్వు నమ్ముతున్నావా దీన్ని?”

“నమ్మడమేమిటి? నేను చూశాను. నా చేత్తో తిరగరాశాను.”

“అయితే రేపు ఉదయం ఆయన ముందే చెప్పు. చూసినట్టు తేలితే చదువుతాను. నా మాట మాటే. తేలకపోతే అయిదు పుటలే చదువుతాను. అప్పుడు నువ్వు నన్ను ఏమీ అనకూడదు.”

సలోమె ఒప్పుకొన్నది. ఇంటికి వచ్చి బెనిగ్నా చిత్తుప్రతుల కోసం వెతికింది. కాగితం కరవైన రోజులవి. ఆ చిత్తులను వెనుకకు తిప్పి పూల నమూనాలు గీసి, గీత వెంబడి సూదితో పొడిచి, బొగ్గుపొడి అద్ది గుడ్డ మీదికి దింపేవారు. నాలుగైదు పూతలకు చిరిగి పొయ్యిలోకి పోయేవి. ఇరవై రెండేళ్ళలో ఆ ఆలోచనలన్నీ దిండుగలీబుల మీద లిల్లీ పూలై ఉతుకుడుకు వెలసిపోయాయి. ఒక్క ముక్క దొరకలేదు. అయినా ఆమె బెంగపడలేదు. తాను ఉన్నది కదా అనుకొన్నది.

ఓస్వాల్డ్ హెన్నిగ్ మరునాటి ఉదయం బండి దిగాడు. యాభై అయిదేళ్ళ మనిషి, భారీగా ఉన్నాడు, బూట్లు బురదలో దిగబడుతూ ఉంటే నవ్వుకొనే ఓపిక కూడా లేనట్లు కనిపించాడు. బెనిగ్నా శవపేటిక దగ్గర నిలిచి నిజంగానే ఏడ్చాడు. చిన్నతనంలో తనకు అక్షరాలు దిద్దించినది ఆమే అని చెప్పాడు. తరువాత లిండ్నర్ గదిలో, ఆ ముగ్గురే కూర్చొన్నప్పుడు, బోధకుడు చుట్టూ త్రిప్పకుండా సంగతి చెప్పాడు. హెన్నిగ్ కోపగించుకోలేదు. అది సలోమెను కలవరపెట్టింది.

“చూడమ్మా, నేను ప్రశ్నలు పంపేవాణ్ణి. అక్క ఏదో రాసేది. అది చదివితే నాకు ఇంకేదో తట్టేది. ఇరవై రెండేళ్ళు పాఠం చెప్పాక ఏ ఆలోచన ఎవరి ఇంట్లో పుట్టిందో నాకెలా గుర్తుంటుంది? నా పిల్లల మొహాలే ఎవరి పోలికో చెప్పలేను.”

“అయితే ఒక్క మాట చెప్పండి ప్రొఫెసరుగారూ. నాలుగో లేఖలో తప్పేమిటి?”

“తప్పా? అందులో తప్పు లేదు. లేదని రెండు పుస్తకాలు రాశాను.”

“చట్రం కింద కూర్చున్న మనిషి సంగతి అడుగుతున్నాను.”

“ఏ చట్రం?”

ఆ ప్రశ్నలో కపటం లేదు. సలోమె ఆయన ముఖం వంక చూసింది, లిండ్నర్ వంక చూసింది, తిరిగి ఆయన వంక చూసింది.

“కుట్టు చట్రం. సూది. పైన ఒకరు, కింద ఒకరు. నాలుగో లేఖంతా దాని మీదే కదండీ.”

హెన్నిగ్ తోలుసంచి విప్పాడు. పోయిన సోదరి ఉత్తరాలను ఆమె గృహానికి తిరిగి ఇచ్చివేయడం ఆ ప్రాంతపు మర్యాద. ఆ మర్యాదకే ఆయన మూట కట్టి తెచ్చాడు. నీలిదారంతో కుట్టిన పన్నెండు లేఖలు బల్ల మీద పెట్టి, “ఎక్కడుందో మీరే చూపించండి,” అన్నాడు. వెక్కిరింతగా అనలేదు. తెలుసుకోవాలనే అన్నాడు.

అది సలోమె చేతివ్రాతే. ముత్యాల కోవ. నాలుగవ లేఖ తెరిచింది. “ఒక ఇచ్ఛ క్రియను ఆరంభించును. వేరొక ఇచ్ఛ దానిని పూరించును. ఆరంభపూరణములలో ఏ యొక్కటియు స్వయముగా క్రియ యనదగదు.” పుట తిప్పింది. సూది లేదు. ఇంకొక పుట తిప్పింది. దారం లేదు, గుడ్డ లేదు, లిల్లీ పువ్వు లేదు. ఏడవ లేఖలో రోగి ఉండాలి. లేవాలని కోరుకొనే రోగిని ఎత్తినప్పుడు ఉండే బరువూ, లేవనని మొండికేసిన రోగిని ఎత్తినప్పుడు ఉండే బరువూ ఒకటి కాదని బెనిగ్నా వ్రాసింది. అక్కడ “ప్రతిరోధము” అని ఒక్క మాట ఉన్నది. ఆ పన్నెండు లేఖలలో ఎక్కడా ‘నేను’ అన్న మాట లేదు.

అప్పుడు ఆమెకు ఆనాటి మధ్యాహ్నాలు కళ్ళకు కట్టాయి. వారం వారం టపాబండి పోయే వేళ అవుతోంది. బెనిగ్నా చిత్తులు నిండా ‘నేను’, ‘మా సలోమె’, ‘మా వంటశాలలో’, ‘నిన్న రొట్టె మాడినప్పుడు’. పోయేదేమో పండితుని చేతికి. సూదీ గంజీ చూసి నవ్విపోతాడేమోనని సలోమె భయపడింది. తన స్నేహితురాలిని లోకం పరిహసించకూడదు. సోదరి తనను తాను ముందుకు నెట్టుకోకూడదన్నది నియమం కూడా. ప్రేమ ఒక ప్రక్క, నియమం మరొక ప్రక్క నిలిచి చేయి నడిపిస్తే కలం ఎక్కడా తడబడలేదు. మొదటి శుద్ధప్రతి చూసి బెనిగ్నా చాలాసేపు పుటలు తిప్పి అడిగింది, “చాలా బాగుందే సలోమే. ఎవరు రాశారు దీన్ని?” ఇద్దరూ నవ్వుకొన్నారు. బండి వెళ్ళిపోయింది.

“నేనే తీసేశాను,” అన్నది సలోమె.

“ఏం తీసేశావు?” అన్నాడు లిండ్నర్.

“చట్రాన్ని. రోగిని. ఆవిడ పెట్టిన ఉదాహరణలన్నీ. ఆవిణ్ణి కూడా.”

“ఎవరు తీయమన్నారు?”

“ఎవరూ అనలేదు. నాకు అలవాటు.”

బోధకుడు నుదురు రుద్దుకొన్నాడు. “మరి ఈ వాక్యాలు ఎవరివక్కా?”

“వాక్యాలు నావి. ఆలోచన ఆవిడది.”

“ఆలోచన నాదని నేనూ అంటున్నాను కదమ్మా,” అన్నాడు హెన్నిగ్ మెల్లగా. “నా దగ్గర కాగితం లేదు, అక్క దగ్గరా లేదు. ఉన్నది ఈ కట్ట ఒక్కటే. ఇది ముగ్గురిలో ఎవరినైనా చూపిస్తే మిమ్మల్నే చూపిస్తుంది.”

 సాక్షిగా వచ్చిన సలోమె దోషిగా కూర్చొని ఉన్నది. లిండ్నర్ ఆరవ పుటను విడదీసి ఆమె ముందుకు జరిపాడు. “నేను అయిదు పుటలే చదువుతానక్కా,” అన్నాడు. అతని గొంతులో గెలుపు లేదు.

హెన్నిగ్ చేయి చాచి ఆ పుట అందుకొన్నాడు. కిటికీ వెలుగులో నిలిచి చదివాడు. ఒకసారి చదివి, పెదవులు కదుపుతూ మళ్ళీ చదివాడు. 

“ఎవరు కూర్చోబెట్టారు,” అన్నాడు తనలో తాను. “ఇది బలమైన అభ్యంతరం. దీనికి నా దగ్గర సమాధానం లేదు.” తరువాత ఇటు తిరిగాడు. “వసంతంలో కొత్త ముద్రణ వస్తోంది. దీనికి ఒక నకలు రాసిస్తారా?”

“దేనికి?”

“దిద్దడానికి. అక్క అడిగింది అదేగా.”

“ఇవ్వనంటే?”

“తప్పు తప్పుగానే ఉంటుంది. నేను పాఠం చెబుతూనే ఉంటాను.”

సలోమె బయటికి వచ్చింది. భూస్థాపనకు ఇంకా రెండు గంటలు ఉన్నది. నకలు ఇస్తే బెనిగ్నా చివరి ఆలోచన కూడా ఆ మనిషి సంచిలోకే పోతుంది. ఇవ్వకపోతే బెనిగ్నా కోరిన ఒకే ఒక్క కోరిక మట్టిలో కలుస్తుంది. పేరు పాదధూళి అని పోయిన మనిషి స్వయంగా వ్రాసి పెట్టింది. ఆ ధూళి కోసం పెనుగులాడవలసినది తానేనా? పెనుగులాడకపోతే, తాను ఆనాడు చేసినదాని పేరేమిటి? ఆమె బల్ల ముందు కూర్చొని ఎంతసేపు చూసినా తూనిక ఏ వైపూ మొగ్గలేదు. కడకు బెనిగ్నా మాటనే పాటించింది. కాగితం తీసి ఆరవ పుటకు నకలు వ్రాసింది. చాకు ముట్టలేదు. చట్రం ఉన్న చోట చట్రం, సూది ఉన్న చోట సూది, ‘నేను’ ఉన్న ప్రతిచోటా ‘నేను’. ముప్పయి నాలుగేళ్ళలో ఒక్క అక్షరమైనా మార్చకుండా ఆమె వ్రాసిన మొదటి నకలు అది. అడుగున బెనిగ్నా పూర్తి పేరు కూడా వ్రాసింది.

మధ్యాహ్నం సభామందిరంలో స్త్రీలు ఒక ప్రక్క, పురుషులు ఒక ప్రక్క కూర్చొన్నారు. లిండ్నర్ అయిదు పుటలూ చక్కగా చదివాడు. “ఆమె సూదిపనిలో మేటి” అన్న చోట హెన్నిగ్ తల వంచుకొన్నాడు. తెల్లని గుడ్డ మీద పెళ్ళికాని సోదరికి గుర్తైన గులాబిరంగు పట్టెతో శవపేటిక బయలుదేరింది. ముందు బూరలు, వెనుక బారులు. సమాధితోటలో రాళ్ళన్నీ ఒకటే కొలత, అన్నీ నేలకు పరచినవే. రాజవంశంలో పుట్టినా, పందులు కాచినా, రాతి మీద పేరూ సంవత్సరాలూ వరుస సంఖ్యా తప్ప ఇంకొక మాట చెక్కరు. ఆ సమానత్వాన్ని సలోమె జీవితమంతా ప్రేమించింది. ఆ దినం మాత్రం తడిసిన ఆ రాళ్ళను చూస్తే గీకి నున్నగా రుద్దిన పుటలు గుర్తుకు వచ్చాయి. బండి ఎక్కబోతున్న హెన్నిగ్‌కు నకలు అందించింది.

“ఉన్నదున్నట్టు వెయ్యండి,” అన్నది.

“వీలైనంత వరకు,” అన్నాడు.

వసంతంలో పుస్తకం వచ్చింది. మంచి తోలు అట్ట. హెన్నిగ్ స్వయంగా పంపాడు. ఒటీలియె కత్తితో కలిసి ఉన్న పుటల అంచులు కోసి నాలుగవ అధ్యాయం వెతికి, అడుగున ఉన్న చిన్న అక్షరాలను బిగ్గరగా చదివింది. “పూరించు ఇచ్ఛ కూడ స్వచ్ఛందమై యుండవలెనని ఒక మిత్రుడు గుర్తుచేసియున్నాడు. అది సిద్ధాంతములోనే అంతర్భూతమని గ్రహించునది.”

“అంతేనా?” అన్నది సలోమె.

“అంతే. మూడు పంక్తులు. మిత్రుడట. మన బెనిగ్నక్కకి మీసాలు మొలిపించాడు మహానుభావుడు.”

“ఎవరు కూర్చోబెట్టారన్న మాట ఉందా?”

“లేదక్కా.”

సలోమె పుస్తకం తీసుకొని ఆ మూడు పంక్తులను వేలితో తడిమింది. కోపం కోసం తనలో తాను వెతుక్కొన్నది. దొరికినది కోపం కాదు, గుర్తింపు. పదును ఉన్న మాట పోయింది, వ్రాసిన మనిషి జాడ పోయింది, అంచులు కుదిరాయి, ఎవరికీ నొప్పి లేదు. ఈ పని తనకు ఇచ్చి ఉంటే తాను కూడా ఇలాగే చేసి ఉండేది. ఒకవేళ ఇంతకంటె నున్నగా చేసి ఉండేదేమో.

ఆ వారమే ఆమె తన జీవితకథ వ్రాయడం మొదలుపెట్టింది. గృహంలో అంతవరకు తన కథ వ్రాసుకోనిది ఆమె ఒక్కతే. ఇతరుల కథల మధ్య తీరిక దొరకలేదు. పుట్టుకకు నాలుగు పంక్తులు, కృపకు పది పంక్తులు ఇచ్చి, సేవ అన్న చోట ఆగి, ఇలా వ్రాసింది: “నేను సోదరి బెనిగ్నా వ్రాసిన పన్నెండు లేఖలను పాడుచేసితిని. వాటిలో నేను తీసివేసిన వాటిని ఇక్కడ మరల వ్రాయుచున్నాను.” కింద ఒకటి నుండి పన్నెండు వరకు సంఖ్యలు వేసుకొన్నది.

ఒటీలియె వెనుకనుండి తొంగి చూసింది. “ఇదేమిటక్కా, మీ కథ రాయమంటే ఆవిడ కథ రాస్తున్నారు?”

“నేను పోయాక దీన్ని ఎవరు తిరగరాస్తారు ఒటీలియే?”

“ఇంకెవరు, నేనే. మీరేం దిగులు పెట్టుకోకండి. మీరు నేర్పినట్టే చేస్తాను. మీ పేరు నిలబెడతాను.”

సలోమె ఆమె ముఖం చూసింది. ఆ ముఖంలో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు.

“దీంట్లో ఒక్క మాట కూడా తియ్యకు.”

“అలాగేలెండి,” అన్నది ఒటీలియె, ఆయాసపడే ముసలివారితో మాట్లాడేటప్పుడు అనే తీరున. “మరీ మిమ్మల్ని మీరు తిట్టుకున్న చోట మాత్రం కాస్త సర్దుతాను. అది వింటే ఎవరికైనా కష్టంగా ఉంటుంది కదా.” మెట్లు దిగిపోయింది.

సలోమె వ్రాయసాగింది. నాలుగవ సంఖ్య ఎదుట చట్రం వచ్చింది. పైన కూర్చున్న బెనిగ్నా, కింద కూర్చున్న తాను, తనను అక్కడ కూర్చోమని చెప్పినది ఆనాడు గృహం పెత్తనం చేసే పెద్దక్క అన్నది, ఎందుకు చెప్పిందో తాను ఏనాడూ అడగలేదన్నది, అంతా వచ్చింది. ఏడవ సంఖ్య ఎదుట రోగి వచ్చాడు. రెండవదాని దగ్గర మాడిన రొట్టె వచ్చింది కాని, ఆ రొట్టెతో బెనిగ్నా ఏమి నిరూపించిందో రాలేదు. మూడవది ఎంత పిలిచినా తాను వ్రాసిన వాక్యమే వచ్చింది. చక్కగా, నిండుగా, ‘నేను’ లేకుండా వచ్చింది. దాని వెనుక ఏదో ఒక ప్రాణం ఉండేదని తెలుసు. పిల్లి కావచ్చు, బావి గిలక కావచ్చు, ఒకరోజు ఎవరో ఎవరితోనో ఆడిన మాట కావచ్చు. తన వాక్యం తలుపులా మూసుకొని ఉన్నది. తొమ్మిది సంఖ్యల ఎదుట అదే తలుపు.

ఆమె ఊహించి వ్రాయగలదు. బెనిగ్నా ధోరణి తెలుసు. ఒక గిలక పెట్టినా, ఒక పిల్లిని పెట్టినా ఎవరు కాదంటారు? కలం సిరాలో ముంచి, ఆ ఆలోచన వచ్చినందుకే సిగ్గుపడింది. కిటికీ అవతల సోదరీమణులు తెల్లని గుడ్డలు ఆరవేస్తున్నారు. మూడవ సంఖ్య ఎదుట వ్రాసింది:

“ఇక్కడ ఒక ఉదాహరణము ఉండెను. దానిని తీసివేసినది నేను. అది ఏమో నాకు జ్ఞాపకము లేదు.”

అయిదవ సంఖ్య ఎదుటా అదే వ్రాసింది.